రివాల్వరుకు లేజరు గురి: కొనవలసిన వస్తువేనా?

రాజకీయాలు రాసుకునేవాడికి రివాల్వర్ల గోల ఎందుకని ఈ పేజీ క్రమం తప్పక చదివేవారు అడగవచ్చు. మన దేశంలో చేతి తుపాకీ మొదట ఒక రాజకీయ వస్తువు, ఆ తర్వాతే ఆయుధం. ఎవరి నడుముకు అది వేలాడాలో జిల్లా మెజిస్ట్రేటు నిర్ణయిస్తాడు, ఎన్నికలప్పుడు ఎవరు దానిని స్టేషనులో అప్పగించాలో ఒక కమిటీ నిర్ణయిస్తుంది, ఎవరికి ఎన్ని ఉండాలో పార్లమెంటు నిర్ణయిస్తుంది. కాబట్టి దానికి లేజరు గురి బిగించుకోవడం తెలివైన ఖర్చేనా అనే చిన్న ప్రశ్న కూడా చివరకు మన వీధిలోకే వచ్చి చేరుతుంది.

ప్రశ్న నాది కాదు, పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న మా బాబాయిది. 2024 సెప్టెంబరులో కేంద్రం ఆ ఊరికి శ్రీ విజయపురమని పేరు మార్చింది కానీ ఆయన నోట ఇంకా పాత పేరే. 1978లో శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి విశాఖకు వచ్చి, ఓడ ఎక్కి, జంగ్లీఘాట్‌లో దిగినవాడు; చేపల వ్యాపారి. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల 3.80 లక్షల జనాభాలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో ఎక్కువమంది ఇలా ఉత్తరాంధ్ర నుంచి సముద్రం దాటి వెళ్ళినవారే. తెల్లవారకముందే రేవులో పాటలు జరిగి, నగదు సంచీ చేతికి వచ్చే వ్యాపారం ఆయనది. ఒకసారి సంచీ కోసం ఇద్దరు దారి కాచిన తర్వాత, 2011లో లైసెన్సు తీసుకుని కాన్పూర్ ఫ్యాక్టరీలో తయారైన పాయింట్ 32 రివాల్వరు కొన్నాడు. ఇప్పుడు 68 ఏళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాలు. కొడుకు ఫోనులో ఏవో వీడియోలు చూసి, రివాల్వరుకు ఎర్రచుక్క వేసే లేజరు పెట్టిద్దామని పట్టుబట్టాడు.

“ఒరే అబ్బాయ్, నువ్వు ఢిల్లీలో అందరినీ అడుగుతావు గదా. అదేటో కనుక్కుని సెప్పు. కొంటే పనికొస్తాదా, లేపోతే డబ్బులు గంగపాలేనా?” అన్నాడు ఫోనులో.

కనుక్కున్నాను. పోలీసు శిక్షణ కళాశాలల్లో ఫైరింగ్ నేర్పిన ఇద్దరు విశ్రాంత అధికారులతో మాట్లాడాను. దొరికినంత చదివాను.

లేజరు తరఫున చెప్పగలిగినది ముందు న్యాయంగా చెప్పాలి. మామూలు చేతి తుపాకీతో గురి చూడాలంటే కన్ను ఒకేసారి మూడింటిని ఒక వరుసలోకి తేవాలి: కంటికి దగ్గరగా ఉన్న బ్యాక్‌సైట్, గొట్టం చివర ఉన్న ఫోర్‌సైట్, ఆవల లక్ష్యం. మనిషి కన్ను ఒక సమయంలో ఒక దూరానికే సర్దుకుంటుంది. అందుకే ఫోర్‌సైట్ స్పష్టంగా, లక్ష్యం కొంచెం మసకగా కనబడాలని నేర్పుతారు. నలభై అయిదు దాటి చత్వారం వచ్చినవాడికి చెయ్యిదూరంలో ఉన్న ఆ ఫోర్‌సైటే కనబడదు. లేజరు ఈ మూడింటి లెక్కను ఒకటికి తగ్గిస్తుంది. ఎదుటివాడి మీద చుక్క పడితే చాలు. చూపు అతని మీదే ఉంచవచ్చు. తుపాకీని కంటి ఎత్తుకు తీసుకురాలేని ఇరుకులో, గోడ చాటున, కిందపడి ఉన్న స్థితిలో కూడా చుక్క కనిపిస్తుంది. ఈ మాట నిజం. వృద్ధులకు, చూపు మందగించినవారికి అది ఆడంబరం కాదు.

ఇంకొక మేలు ఉంది, అమ్మేవాడు పెద్దగా చెప్పనిది. తూటాలు తీసేసి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, గోడ మీద చుక్క వేసి ట్రిగ్గర్ నొక్కితే చెయ్యి ఎంత కుదుపుతున్నదో ఆ చుక్కే చూపిస్తుంది. ట్రిగ్గర్ లాగే చివరి క్షణంలో చుక్క ఎడమకో కిందకో గెంతుతుంది. నాతో మాట్లాడిన అధికారులలో ఒకరు, లేజరు వల్ల ఏదైనా లాభముంటే అది ఈ డ్రై ప్రాక్టీసులోనే అన్నారు. సొంతంగా అభ్యాసం చేసుకునేవాడికి అంత నిజాయితీ గల గురువు దొరకడు.

ఇక ఇబ్బందులు. లేజరు గొట్టంలోపల ఉండదు, దాని కిందో పక్కనో ఉంటుంది. కాబట్టి కిరణమూ తూటా దారీ ఒకానొక దూరం దగ్గర మాత్రమే కలుస్తాయి; ఆ దూరానికి దానిని సరిచేసి పెట్టుకోవాలి. కాల్చినప్పుడల్లా వచ్చే అదురుకు బిగింపు కదిలితే ఆ సవరింపు పోతుంది. అమెరికాలో క్రిమ్సన్ ట్రేస్ వంటి సంస్థలు పిడిలోనే లేజరు ఇమిడ్చి అమ్ముతాయి. పిడి పట్టుకోగానే అది వెలుగుతుంది, మీట వెతుక్కోవలసిన పని లేదు. కానీ ఆ పిడులు స్మిత్ అండ్ వెస్సన్, రూగర్ కొలతలకు చేసినవి. మన ఫ్యాక్టరీ రివాల్వరుకు పరికరాలు బిగించే పట్టా కూడా ఉండదు. దానికి దొరికేది మరలతో బిగించే చవకరకం. అది పెడితే రివాల్వరు ఒరలో పట్టదు, మీటేమో వేలికి అందని చోట ఉంటుంది. ఎర్ర లేజరు మిట్టమధ్యాహ్నపు ఎండలో కొన్ని గజాలలోనే కనుమరుగవుతుంది. ఆకుపచ్చది కంటికి ఎక్కువ ప్రకాశంగా తోస్తుంది, ఎందుకంటే మన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి వెలుగుకే ఎక్కువగా స్పందిస్తుంది. అయితే అది బ్యాటరీని త్వరగా తాగేస్తుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే, ఇనుప గేటు సైతం ఉప్పుగాలికి పొరలు పొరలుగా ఊడే ఊరిలో, గుండీ అంత బ్యాటరీ కొసలు ఎన్నాళ్ళు శుభ్రంగా ఉంటాయో వేరే చెప్పాలా? రివాల్వరును నూనెగుడ్డతో తుడవడమే అక్కడ వారం వారం చేయవలసిన పని.

(మన తరానికి ఈ మోజు అంటించినది 1984 నాటి ‘టెర్మినేటర్’ సినిమా. అందులోని పిస్తోలు మీది లేజరును వెలిగించడానికి కావలసిన బ్యాటరీలను నటుడి కోటులో దాచవలసి వచ్చింది. ప్రేక్షకుడికి కనిపించింది ఎర్రగీత మాత్రమే.)

ఇవన్నీ సాంకేతికమైన చిక్కులు, డబ్బు పెడితే కొన్ని తీరుతాయి. నా అసలు సందేహం వేరు. లేజరు తీర్చే సమస్య గురి. లైసెన్సుదారుకు నిజంగా ఎదురయ్యే సమస్య గురేనా?

అండమాన్‌లో ఉంటూ ఈ ప్రశ్న వేసుకునేవారికి దూరం వెళ్ళవలసిన పని లేదు. పోర్ట్ బ్లెయిర్ రేవుకు ఎదురుగానే హోప్‌టౌన్ ఉన్నది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో శిక్షాస్థావరాన్ని తనిఖీ చేసి, సాయంత్రం మౌంట్ హారియెట్ ఎక్కి (2021 నుంచి అది మౌంట్ మణిపూర్) సూర్యాస్తమయం చూసి దిగివచ్చాడు. చీకటి పడింది. కాగడాలు వెలుగుతున్నాయి. చుట్టూ సాయుధ రక్షకులు. పడవ ఎక్కడానికి రేవుమెట్ల వైపు రెండడుగులు ముందుకు వేశాడో లేదో, షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ వెనుక నుంచి దూకి కత్తితో రెండు పోట్లు పొడిచాడు. వైస్రాయి ఓడ చేరకముందే మరణించాడు. పదవిలో ఉండగా హత్యకు గురైన ఏకైక వైస్రాయి ఆయనే. షేర్ అలీని మరుసటి నెలలో వైపర్ దీవిలో ఉరితీశారు. ఆ రాత్రి రేవులో వెలుగుకు కొదవలేదు, తుపాకులకూ కొదవలేదు. లేనిది రెండు క్షణాల వ్యవధి.

దీనికి ముందు నాటి సంగతి ఒకటి ఇదే నేల మీద తలకిందులుగా జరిగింది. 1859 మే 17న అండమానీయులు విల్లంబులతో అబర్డీన్ మీద దాడి చేసినప్పుడు బ్రిటిష్ వారు నిలదొక్కుకున్నారు. వారితో కొంతకాలం కలిసి బతికి పారిపోయివచ్చిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ముందుగానే కబురు చెప్పడం దానికి పెద్ద కారణం. అప్పటి తుపాకుల గురి ఏపాటిదో చెప్పనక్కరలేదు; కబురు అందింది, అంతే.

మన గడ్డ మీది ఉదాహరణలు పాఠకులకు గుర్తుచేయాలంటే నాకే కష్టంగా ఉంది. 1988 డిసెంబరు 26న విజయవాడలో వంగవీటి రంగాను నిరాహార దీక్షా శిబిరంలోనే నరికి చంపారు. 2005 జనవరి 24న అనంతపురంలో సొంత పార్టీ కార్యాలయం దగ్గర పరిటాల రవిని కాల్చి చంపారు. గన్‌మెన్ లేని మనిషి కాదాయన. ఈ రెండు హత్యల రాజకీయాలు ఈనాటికీ చల్లారలేదు, వాటి జోలికి ఇప్పుడు పోను. దగ్గరగా, ఒక్కసారిగా, మనుషుల మధ్య నుంచి వచ్చే దాడికి ఎవరి గురీ అక్కరకు రాలేదన్నదే ఇక్కడ నాకు కావలసిన సంగతి.

శిక్షణ పొందినవారి సంగతేమిటంటారా? న్యూయార్క్ పోలీసుల కాల్పుల మీద 2008లో రాండ్ సంస్థ ఇచ్చిన నివేదికలో, ఎదురుకాల్పులు జరిగిన సందర్భాలలో పోలీసుల తూటాలు తగిలినవి సగటున 18 శాతం. అవతలివాడు కాల్చనప్పుడు 30 శాతం. నిత్యం తుపాకీ మోసేవారు, ఏటా పరీక్షలో నెగ్గేవారు వీరు. లేజరు వాదులు ఈ అంకెలను తమ వైపు లాక్కుంటారు: చూశారా, గురి తప్పుతున్నది, చుక్క కావాలి అని. నాకు తోచేది మరొకటి. భయంతో గుండె గంతులు వేస్తుండగా కదిలే మనిషి మీద చుక్క నిలవదు. నిలవని చుక్కను నిలబెట్టాలని చూస్తూ మనిషి ఆగిపోతాడు. చుక్క కోసం వెతకడమనే జబ్బు కొత్తవారందరికీ వస్తుందని నాతో మాట్లాడిన ఇద్దరూ విడివిడిగా అన్నారు. అది పోవాలంటే వందల తూటాలు కాల్చాలి. మన లైసెన్సు పుస్తకంలో ఒకసారి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో రాసి ఉంటుంది. లైసెన్సు కోరేవారు సురక్షిత వాడకంలో శిక్షణ పొందాలని 2016 ఆయుధ నిబంధనలు చెబుతాయి. అంతకుముందు తీసుకున్న బాబాయి వంటివారు కొన్న నాటి నుంచి కాల్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆయనే చెప్పాడు: పద్నాలుగేళ్ళలో పన్నెండు తూటాలు.

“సీకట్లో అయినా పనికొస్తాది గదరా?” అని ఆయన పట్టు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. మన గడియారం అలహాబాదు దగ్గరి రేఖాంశానిది, అండమాన్ సూర్యుడు దానికి దాదాపు నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. డిసెంబరులో అయిదింటికే పొద్దుగూకుతుంది. కరెంటు పోతే ఊరు గుయ్యారమే. కానీ చీకటిలో లేజరు చూపేది ఒక చుక్కను. ఆ చుక్క ఎవరి మీద ఉన్నదో చూపదు. పెరట్లో కదిలినది దొంగ కావచ్చు, పక్కింటి తాగుబోతు కావచ్చు, రాత్రి ఓడ దిగి వచ్చిన సొంత మనుమడు కావచ్చు. అది తెలిపేది టార్చిలైటు. మంచి టార్చి ముందు కొనాలి. ఎదుటివాడు ఎవరో తెలిసిన తర్వాత కాల్చవలసిన అవసరమే చాలాసార్లు ఉండదు.

అమ్మేవారు వాడే ఇంకొక మాట ఉంది: గుండె మీద ఎర్రచుక్క చూసి దొంగ పారిపోతాడట, తూటా ఖర్చు కూడా ఉండదట. నేను జాగ్రత్త పడమనేది ఇక్కడే. తన ఛాతీ మీది చుక్క ఎవడికి కనబడుతుంది? కనబడ్డా, మత్తులో ఉన్నవాడికి దాని అర్థం తెలుస్తుందా? తెలిసినా, మన చట్టం దృష్టిలో అది ఆయుధం చూపి బెదిరించడమే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు గల సెక్షన్లలో ఉన్నది. ప్రాణం తీసేంతవరకు ఆ హక్కు ఎప్పుడు వెళుతుందో 38, 41 సెక్షన్లు చెబుతాయి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇంటికి కన్నం వేయడం 41లో ఉన్నది. కానీ అధికారులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదనీ, రక్షణకు కావలసినదానికి మించి హాని చేయరాదనీ 37వ సెక్షను కట్టడి చేసింది. ఈ పరిధి బయట ఎవరి మీద చుక్క వేసినా 351 కింద నేరపూరిత బెదిరింపు కేసు కావచ్చు. నగదు సంచీ లాక్కోబోయినవాడి విషయంలో ఈ తూకం వేయవచ్చు. సరిహద్దు గోడ దగ్గర పొరుగువాడితో మాటామాటా పెరిగినప్పుడు? లేజరు ఉన్న చెయ్యి దానిని చూపించడానికి తొందరపడుతుంది. చూపించడానికే కదా కొన్నది.

హెచ్చరికగా పేల్చిన తుపాకీకి ఎవరు ఏ అర్థం చెబుతారన్నది పేల్చినవాడి చేతిలో ఉండదు. 1942 మార్చి 23న జపాను సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన కొద్ది రోజులకే, ఇళ్ళలోకి చొరబడుతున్న సైనికులను బెదరగొట్టడానికి జుల్ఫికర్ అలీ అనే యువకుడు గాలి తుపాకీ పేల్చాడు. ఎవరి ప్రాణమూ పోలేదు. జపానీయులు ఇళ్ళు తగలబెట్టి, అతణ్ణి పట్టుకుని, అందరి ఎదుట చంపేశారు. అది ఆక్రమణ సైన్యం, మన పోలీసులతో పోల్చడం నా ఉద్దేశం కాదు. అయినా ఆ ఊరి పెద్దలు తుపాకీ మాట వచ్చినప్పుడు ఈ కథ చెప్పడం మానరు.

ఇంత విన్న తర్వాత కొందరు పాఠకులు, నేను పౌరుడి చేతి నుంచి ఆయుధం లాక్కోమంటున్నానని అనుకోవచ్చు. కాదు. 1878 నాటి ఆయుధాల చట్టం ఒక జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన అవమానమని మన జాతీయోద్యమం భావించింది. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం, నియమాలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కును ప్రాథమిక హక్కుల జాబితాలోనే చేర్చింది. తీరా రాజ్యాంగ సభలో 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ ఆ హక్కు కోసం సవరణ తెస్తే అంబేడ్కర్ అంగీకరించలేదు, అది వీగిపోయింది. నా మొగ్గు అంబేడ్కర్ వైపే. కానీ హక్కు కానిదాన్ని మనం అలా వదిలేయలేదు, హోదాగా మార్చాం. 2016 చివరికి దేశంలో ఉన్న సుమారు 33.69 లక్షల లైసెన్సులలో 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌వే. ముప్పు అంతా అక్కడే పోగుపడి ఉన్నదని ఎవరూ నమ్మరు. 2019లో ఒక్కొక్కరికి మూడు తుపాకుల పరిమితిని ఒకటికి కుదిస్తామని బిల్లు తెచ్చిన ప్రభుత్వం, సభ్యుల నిరసనలు విని రెండు దగ్గర ఆగింది. పెళ్ళిళ్ళలో గాలిలోకి కాల్చడాన్ని నేరంగా పేర్కొన్నది కూడా ఆ సవరణే. హోదా వస్తువుకు అలంకారాలు కావాలి. ఢిల్లీలో నేను చూసిన లేజరు గురులలో ఎక్కువ భాగం నాయకుల అనుచరుల దగ్గరే, కాల్చే అభ్యాసం అసలే లేనివారి దగ్గరే కనిపించాయి. బాబాయికి ఆ జబ్బు లేదు, ఆయన రివాల్వరును లుంగీ మడతలో దాచుకునే రకం.

అందుకని ఆయనకు చెప్పినది ఇది. ముందు శుక్లాల ఆపరేషను చేయించుకో. శుక్లం ఉన్న కంటికి లేజరు చుక్క కూడా చెదిరిపోయే కనిపిస్తుంది. ఫోర్‌సైటుకు కాస్త తెల్లరంగు పూయించు. మంచి టార్చి కొను. పాట సొమ్ము బ్యాంకులో వేయమని ఓడల వాళ్ళను అడుగు, సంచీ లేకపోతే సంచీ కోసం వచ్చేవాడూ ఉండడు. ఇవన్నీ అయ్యాక కూడా ఫోర్‌సైట్ కనబడకపోతే, ఏటా కొన్నయినా తూటాలు కాల్చే ఓపిక ఉంటే, అప్పుడు లేజరు గురించి మాట్లాడుకుందాం. ఆ ఓపిక లేకపోతే వద్దు. ఆయన కాసేపు ఊరుకుని, “నువ్వు సెప్పినవాటిలో తుపాకీకి పెట్టే ఖర్చు రంగుడబ్బా ఒక్కటే గదరా” అని నవ్వాడు. కొడుక్కి మాత్రం నా సలహా నచ్చలేదు.

ఒక సంగతి ఆయనే గుర్తుచేశాడు. అసెంబ్లీ లేని ఆ కేంద్రపాలిత ప్రాంతం నుంచి లోక్‌సభకు వెళ్ళేది ఒకే ఒక్క సభ్యుడు. 2024లో ఆ ఒక్క స్థానానికి ఏప్రిల్ 19న పోలింగు అయిపోయింది. కానీ దేశమంతటా ఎన్నికల నియమావళి మార్చి 16 నుంచి జూన్ 6 వరకు ఉన్నది కాబట్టి, స్టేషనులో అప్పగించిన ఆయన రివాల్వరు ఫలితాలు వచ్చేదాకా అక్కడే ఉండిపోయింది. ఆ పన్నెండు వారాలూ రోజూ తెల్లవారుజామున రేవుకు వెళ్ళాడు, సంచీతో తిరిగి వచ్చాడు. జూన్‌లో రసీదు చూపించి తెచ్చుకున్నప్పుడు గొట్టం మీద తుప్పు మచ్చలు కనిపించాయట. వాటిని వదిలించడానికి ఒక పూట పట్టింది.